మరణాల పటం – మారిన దారులు

వైద్యుడు వ్యాధిని రోగి శరీరంలో చూస్తాడు. ఒకే కారణంచేత వేలాదిమంది మరణిస్తున్నప్పుడు మాత్రం శరీరాన్ని పరీక్షించినంతమాత్రాన సరిపోదు. ఎవరు, ఎక్కడ, ఎప్పుడు మరణిస్తున్నారో కూడా పరిశీలించాలి. 1854లో లండన్ నగరంలోని సోహో ప్రాంతంలో కలరా చెలరేగినప్పుడు జాన్ స్నో అనే వైద్యుడు ఈ పనే చేశాడు. మృతుల ఇళ్ళను గూర్చి విచారించగా, వారిలో అత్యధికులు బ్రాడ్ వీధిలోని ఒక చేతిపంపు నీటిని త్రాగినవారని తేలింది. ఆయన సూచనపై అధికారులు ఆ పంపు పిడిని తొలగించారు. తరువాత ఆయన ప్రకటించిన పటంలో మరణాల గుర్తులన్నీ ఆ పంపు చుట్టూ గుమిగూడి కనిపించాయి. చెడుగాలివల్లనే కలరా వస్తుందని నమ్ముతున్న ఆ రోజులలో, అది నీటి ద్వారా వ్యాపిస్తుందనడానికి ఆ పటం బలమైన సాక్ష్యంగా నిలిచింది.

అయితే ఆ పంపు కదలకుండా ఒకేచోట ఉంది. కనుక ఒక్క పటం సరిపోయింది. మరణానికి కారణమైన వస్తువే రూపం మార్చుకుంటూ, ఒక ప్రాంతం నుండి మరొక ప్రాంతానికి తరలిపోతూ ఉంటే ఒక్క పటం చాలదు. ఏటేటా గీసిన పటాలను వరుసగా పేర్చి చదవాలి. అమెరికా సంయుక్త రాష్ట్రాలలో మాదకద్రవ్యాల మోతాదు మించడంవల్ల సంభవించిన మరణాల చరిత్ర ఇటువంటిదే. 1999లో ఆ దేశంలో ఈ కారణంగా మరణించినవారు దాదాపు 17 వేలమంది. 2017 నాటికి ఆ సంఖ్య 70 వేలు దాటింది. 2022లో దాదాపు 1 లక్షా 8 వేలకు చేరింది. ఆ సంవత్సరం అక్కడ రోడ్డు ప్రమాదాలలో మరణించినవారి సంఖ్యకు ఇది రెండున్నర రెట్లు. ఈ మరణాలు దేశమంతటా సమానంగా సంభవించలేదు. ఒక దశలో గని కార్మికుల పల్లెలలో, మరొక దశలో ఈశాన్య రాష్ట్రాల పట్టణాలలో, ఇంకొక దశలో పసిఫిక్ తీర నగరాలలో అవి ముమ్మరమయ్యాయి. ఈ కదలిక వెనుకనున్న కారణాలను తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

మోతాదు మించితే ఏమవుతుంది?

గసగసాల కాయకు గాటు పెడితే కారే పాలు గడ్డకట్టి నల్లమందు అవుతుంది. దానినుండి మార్ఫిన్‌ను, మార్ఫిన్ నుండి హెరాయిన్‌ను తయారుచేస్తారు. వీటివలె పనిచేసే మందులను ప్రయోగశాలలో కృత్రిమంగా కూడా తయారుచేయవచ్చు. ఈ కుటుంబానికి చెందిన వాటన్నింటినీ కలిపి ఓపియాయిడ్లు అంటారు. శస్త్రచికిత్స అనంతరం, క్యాన్సర్ వ్యాధి ముదిరిన దశలో ఇవి రోగికి గొప్ప ఉపశమనాన్ని ఇస్తాయి. కాబట్టి ఇవి కేవలం విషాలని చెప్పడానికి వీలులేదు.

ఈ మందులు మెదడులోని కొన్ని గ్రాహకాలను అంటిపెట్టుకొని బాధను అణచివేస్తాయి. అటువంటి గ్రాహకాలే శ్వాసక్రియను నడిపే మెదడు భాగంలోనూ ఉన్నాయి. మోతాదు మించినప్పుడు మనిషి నిద్రలోకి జారుకుంటాడు, శ్వాస మందగిస్తుంది, క్రమంగా ఆగిపోతుంది. దీర్ఘకాలం వాడినవారి శరీరం మందుకు అలవాటుపడుతుంది. అదే ఫలితం కోసం మరింత మోతాదు కావలసివస్తుంది. హఠాత్తుగా మానివేస్తే వణుకు, వాంతులు, ఒళ్ళునొప్పులు, నిద్రలేమి పీడిస్తాయి. కొంతకాలం మందుకు దూరంగా ఉన్నవారికి మరొక ప్రమాదం పొంచి ఉంటుంది. వారి శరీరం పాత అలవాటును కోల్పోతుంది గనుక, ఇదివరకటి మోతాదే ఇప్పుడు ప్రాణాంతకం కావచ్చు. జైలు నుండి విడుదలైన తొలి వారాలలో ఇటువంటి మరణాలు ఎక్కువగా సంభవించడానికి ఇది ఒక ముఖ్య కారణం.

అంకెలను చదివే తీరు

మరణాల పటాన్ని చదివేవారు ముందుగా సంఖ్యకు, రేటుకు గల తేడాను గ్రహించాలి. 2021లో కాలిఫోర్నియా రాష్ట్రంలో మోతాదు మించి మరణించినవారు సుమారు 10,900 మంది. వెస్ట్ వర్జీనియాలో సుమారు 1,500 మంది. సంఖ్యను మాత్రమే చూస్తే కాలిఫోర్నియా పరిస్థితే దారుణమనిపిస్తుంది. కాని కాలిఫోర్నియా జనాభా దాదాపు 3 కోట్ల 90 లక్షలు. వెస్ట్ వర్జీనియా జనాభా 18 లక్షలు మాత్రమే. లక్షమంది జనాభాకు లెక్కించి, వయసుల తేడాలను సరిచేసి చూస్తే కాలిఫోర్నియాలో రేటు దాదాపు 27, వెస్ట్ వర్జీనియాలో దాదాపు 91. అంటే ఆ చిన్న రాష్ట్రంలోని ప్రజలకు ప్రమాదం మూడు రెట్లకు మించి ఉన్నదన్నమాట.

పటానికి కొన్ని లోపాలు కూడా ఉంటాయి. ఈ లెక్కలకు ఆధారం మరణ ధ్రువపత్రం. అమెరికాలో అనుమానాస్పద మరణాలను కొన్నిచోట్ల శిక్షణ పొందిన వైద్యులు, కొన్నిచోట్ల ఎన్నికైన కరోనర్లు విచారిస్తారు. మృతుని రక్తంలో ఏ మందు ఉన్నదో పరీక్షించి నమోదుచేసే పద్ధతి అన్ని కౌంటీలలోనూ ఒకే విధంగా లేదు. కౌంటీ అంటే తెలుగునాట జిల్లా వంటి పాలనా విభాగం. జనాభా మరీ తక్కువగా ఉన్న కౌంటీలలో ఇద్దరు ముగ్గురు మరణించినా రేటు ఒక్కసారిగా పెరిగినట్లు కనిపిస్తుంది. అందువల్ల ఒక ఏడాది అంకెను చూసి తీర్పు చెప్పక, కొన్నేళ్ళ ధోరణిని గమనించడం మంచిది.

మొదటి దశ: మాత్రల బాట

1990 దశకానికి ముందు ఈ మరణాలు ప్రధానంగా పెద్ద నగరాలలో సంభవించేవి. గ్రామీణ ప్రాంతాలలో న్యూ మెక్సికో రాష్ట్రంలోని రియో అర్రిబా కౌంటీ వంటివి కొన్ని మాత్రమే హెరాయిన్ మరణాలకు పేరుపడ్డాయి. 1996లో పర్డ్యూ ఫార్మా అనే సంస్థ ఆక్సికాంటిన్ అనే నొప్పి నివారణ మాత్రను విపణిలోకి తెచ్చింది. దానికి అలవాటుపడే ప్రమాదం తక్కువని వైద్యులకు విస్తృతంగా ప్రచారం చేశారు. ఈ ప్రచారం తప్పుదారి పట్టించేదని 2007లో ఆ సంస్థకు అనుబంధమైన కంపెనీ న్యాయస్థానంలో నేరాన్ని అంగీకరించింది. అప్పటికే కీడు జరిగిపోయింది.

వెస్ట్ వర్జీనియా, కెంటకీ రాష్ట్రపు తూర్పు భాగం, వర్జీనియా నైరుతి భాగం అపలాచియా పర్వత ప్రాంతానికి చెందినవి. అక్కడి ప్రజలకు బొగ్గుగనులు, కలపకోత ముఖ్యమైన జీవనాధారాలు. నడుము విరిగే పని, తరచుగా గాయాలు, గనులు మూతపడి కరువైన ఉపాధి, అందుబాటులో లేని ఇతర చికిత్సలు – ఇవన్నీ కలిసి నొప్పి మాత్రకు అక్కడ తేలికగా చోటు కల్పించాయి. మందుల పంపిణీ సంస్థలు ఆరేళ్ళ కాలంలో వెస్ట్ వర్జీనియాకు 78 కోట్ల నొప్పి మాత్రలను చేరవేశాయని అక్కడి ఒక దినపత్రిక 2016లో వెల్లడించింది. కెర్మిట్ అనే గ్రామంలో నివసించేవారు దాదాపు 400 మంది. ఆ ఊళ్ళోని ఒక్క మందుల దుకాణానికి రెండేళ్ళలో దాదాపు 90 లక్షల మాత్రలు చేరాయి. ఆ పరిశోధనకు 2017లో పులిట్జర్ బహుమతి లభించింది.

ప్రజల బలహీనతే ఈ మరణాలకు కారణమని అప్పట్లో చాలామంది భావించారు. కాని పటం మరొక విషయాన్ని చెబుతున్నది. 1996 నాటికి కాలిఫోర్నియా, ఇడాహో, ఇల్లినాయ్, న్యూయార్క్, టెక్సస్ – ఈ అయిదు రాష్ట్రాలలో ఒక నిబంధన ఉండేది. ఇటువంటి మందులను రాసే వైద్యుడు మూడు ప్రతుల ప్రత్యేక చీటీని వాడాలి. అందులో ఒక ప్రతి ప్రభుత్వానికి చేరుతుంది. ఈ శ్రమవల్ల వైద్యులు ఆ మందును ఆచితూచి రాసేవారు. అందువల్ల తయారీ సంస్థ కూడా ఆ రాష్ట్రాలలో ప్రచారాన్ని తగ్గించుకుంది. అంతకుముందు ఆ రాష్ట్రాలలో మరణాల రేటు తక్కువేమీ కాదు. అయినప్పటికీ తరువాతి సంవత్సరాలలో మరణాల పెరుగుదల అక్కడ మిగిలిన రాష్ట్రాలలో కంటే నెమ్మదిగా సాగింది. మనుషుల స్వభావం అన్నిచోట్లా ఒకటే. తేడా అంతా ఒక కాగితపు చీటీలో ఉంది.

ఫ్లోరిడాలో ఇందుకు విరుద్ధమైన పరిస్థితి నెలకొంది. 2010 నాటికి దేశంలో తమ చికిత్సాలయాల నుండే ఆక్సికోడోన్‌ను అత్యధికంగా ఇచ్చిన వందమంది వైద్యులలో 98 మంది ఆ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నారు. కెంటకీ, వెస్ట్ వర్జీనియా వంటి దూర రాష్ట్రాల నుండి మాత్రల కోసం జనం అక్కడికి తరలివచ్చేవారు. 2010, 2011 సంవత్సరాలలో ప్రభుత్వం కఠిన చర్యలు చేపట్టింది. ఫలితంగా 2010–12 మధ్య ఫ్లోరిడాలో ఆక్సికోడోన్ మరణాల రేటు సగానికి పైగా తగ్గింది. విధానం మారితే పటం కూడా మారుతుందనడానికి ఇది చక్కని నిదర్శనం.

రెండవ దశ: హెరాయిన్ రాక

2010లో ఆక్సికాంటిన్‌ను నలగగొట్టి పీల్చడానికి వీలులేకుండా కొత్త రూపంలో తయారుచేశారు. వైద్యులపై నిఘా పెరిగింది. మాత్రలు దొరకడం కష్టమైంది. ఇవి మంచి ఉద్దేశంతో చేపట్టిన చర్యలే. కాని అప్పటికే మందుకు బానిసలైన లక్షలాదిమందికి చికిత్స అందించే ఏర్పాటు వాటితోపాటు జరగలేదు. వారిలో కొందరు చౌకగా దొరికే హెరాయిన్ వైపు మళ్ళారు. 2010 తరువాత హెరాయిన్ మరణాలు వేగంగా పెరిగాయి. ఒహాయో, పెన్సిల్వేనియా, ఈశాన్య రాష్ట్రాలు ఎక్కువగా నష్టపోయాయి. పల్లెల రేటు 2007లో పట్టణాల రేటును మించిపోయి, 2015 వరకు పైనే నిలిచింది. ఆ మరుసటి సంవత్సరం నుండి మళ్ళీ పట్టణాలు ముందుకు వచ్చాయి.

ఈ దశలో ఒక భౌగోళిక విశేషం తరువాతి చరిత్రను నిర్ణయించింది. స్థూలంగా మిసిసిపీ నదికి తూర్పున అమ్ముడయ్యే హెరాయిన్ తెల్లని పొడి రూపంలో ఉండేది. పడమట అమ్ముడయ్యే హెరాయిన్ తారువలె నల్లగా, జిగటగా ఉండేది. ఈ చిన్న తేడా ఎంతటి ఫలితాన్ని ఇచ్చిందో మూడవ దశలో తేటతెల్లమైంది.

మూడవ దశ: ఫెంటానిల్

బెల్జియం దేశానికి చెందిన పాల్ జాన్సెన్ అనే వైద్య శాస్త్రజ్ఞుని బృందం రూపొందించిన కృత్రిమ ఓపియాయిడ్ ఫెంటానిల్. ఆసుపత్రులలో శస్త్రచికిత్స సమయంలో నేటికీ దానిని వాడుతున్నారు. అది హెరాయిన్ కంటే దాదాపు 50 రెట్లు శక్తిమంతమైనది. అలవాటులేని మనిషికి రెండు మిల్లీగ్రాములు కూడా ప్రాణాంతకం కావచ్చు. అంత మోతాదు పెన్సిల్ ముల్లు మీద పడుతుంది. హెరాయిన్‌కు గసగసాల పొలాలు, వర్షాలు, కోతకాలం కావాలి. ఫెంటానిల్‌కు రసాయనాలు, ఒక గది ఉంటే చాలు. కొద్దిపాటి సరుకును దాచి తరలించడం కూడా తేలిక. తొలి సంవత్సరాలలో అది చైనా నుండి టపా ద్వారా వచ్చేది. 2019లో చైనా ఆ జాతి మందులన్నింటిపై ఆంక్షలు విధించిన తరువాత, చైనా రసాయనాలతో మెక్సికోలో తయారైన సరుకు ప్రధానమైంది.

2013 నుండి వ్యాపారులు ఫెంటానిల్‌ను హెరాయిన్‌లో కలపసాగారు. తెల్లని పొడిలో తెల్లని పొడి సులభంగా కలిసిపోతుంది. జిగటగా ఉన్న నల్లని పదార్థంలో అలా కలవదు. అందువల్ల న్యూ హాంప్‌షైర్, మసాచుసెట్స్, ఒహాయో, వెస్ట్ వర్జీనియా వంటి తూర్పు రాష్ట్రాలలో మరణాలు ఒక్కసారిగా పెరిగాయి. కొనేవారికి తాము ఏమి కొంటున్నదీ తెలియలేదు. మొన్నటి మోతాదే నేడు ప్రాణం తీసింది. ఆ కాలంలో పశ్చిమ రాష్ట్రాలు మాత్రం కొంత నెమ్మదిగా ఉన్నాయి. ఇది తూర్పువారి సమస్య అన్న భావన అక్కడ బలపడింది. నిజానికి ఆ అయిదారేళ్ళు వారికి లభించిన హెచ్చరికా కాలం.

2019 ప్రాంతంలో ఫెంటానిల్ మరొక రూపం ధరించి పడమటికి చేరింది. ఆసుపత్రి మాత్రలను పోలిన నకిలీ మాత్రలలో అది దాగి వచ్చింది. ఇక పొడి, తారు అన్న తేడా అడ్డు నిలువలేదు. శాన్‌ఫ్రాన్సిస్కో నగరంలో 2018లో సుమారు 260 మంది మోతాదు మించి మరణించగా, 2023లో ఆ సంఖ్య 800 దాటింది. సియాటిల్ నగరం ఉన్న కింగ్ కౌంటీలో 2023లో 1,300 మందికి పైగా మరణించారు. తూర్పు రాష్ట్రాలలో తగ్గుదల మొదలైన ఆ 2023వ సంవత్సరంలోనే అలాస్కా, ఓరెగన్, వాషింగ్టన్ రాష్ట్రాలలో మరణాలు నాలుగోవంతుకు మించి పెరిగాయి.

ఈ మార్పు ప్రాంతాల మధ్యనే కాదు, ప్రజల మధ్య కూడా సంభవించింది. మొదటి దశలో ఎక్కువగా నష్టపోయినవారు శ్వేతజాతివారు. నల్లజాతివారికి వైద్యులు నొప్పి మాత్రలను తక్కువగా రాసేవారు. వివక్ష వల్ల జరిగిన ఆ అన్యాయమే మాత్రల దశలో వారిని కొంత కాపాడిందని పరిశోధకులు భావిస్తున్నారు. ఫెంటానిల్ వచ్చాక ఆ రక్షణ లేకుండా పోయింది. 2020లో నల్లజాతివారి మరణాల రేటు శ్వేతజాతివారి రేటును మించింది. దేశంలో అన్నింటికంటే అధికమైన రేటు ఆదిమ అమెరికన్లది. కొకైన్, మెథాంఫెటమిన్ వంటి ఉత్ప్రేరకాలను ఫెంటానిల్‌తో కలిపి వాడడంవల్ల సంభవించే మరణాలు కూడా పెరిగాయి. దీనిని నాలుగవ దశగా కొందరు పరిగణిస్తున్నారు.

తగ్గుముఖం

ఒహాయో రాష్ట్రంలోని డేటన్ నగరం మోంట్‌గోమరీ కౌంటీలో ఉంది. ఆ కౌంటీలో 2017లో 566 మంది మోతాదు మించి మరణించారు. మరుసటి సంవత్సరం ఆ సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. విపణిలోని మందుల స్వభావంలో వచ్చిన మార్పు ఇందుకు ఒక కారణం. పేదలకు ప్రభుత్వ వైద్య బీమా ద్వారా చికిత్స లభించడం, నలోక్సోన్ అనే విరుగుడు మందును విస్తృతంగా పంచడం, పోలీసులూ వైద్య సిబ్బందీ కలిసి పనిచేయడం ఇతర కారణాలు.

నలోక్సోన్ పనిచేసే తీరు ఆసక్తికరమైనది. అది గ్రాహకాల నుండి ఓపియాయిడ్‌ను తొలగించి ఆ స్థానాన్ని తాను ఆక్రమిస్తుంది. ఆగిపోతున్న శ్వాస కొద్ది నిమిషాలలో తిరిగి మొదలవుతుంది. ముక్కులో చల్లే ఈ మందును వైద్యుని చీటీ లేకుండానే అమ్మడానికి అమెరికా ప్రభుత్వం 2023లో అనుమతించింది. ఇది ప్రాణం నిలిపే మందే గాని వ్యసనాన్ని మాన్పించే మందు కాదు. అందుకు మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ వంటి మందులతో దీర్ఘకాల చికిత్స అవసరం.

2024లో దేశవ్యాప్తంగా మరణాలు దాదాపు నాలుగోవంతు తగ్గి, సుమారు 80 వేలకు చేరాయి. ఒకప్పుడు అందరికంటే ఎక్కువగా నష్టపోయిన వెస్ట్ వర్జీనియా, ఒహాయో, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రాలలో తగ్గుదల మూడోవంతుకు మించింది. చికిత్స, విరుగుడు మందు విస్తరించడం, సరఫరాలో మార్పులు, ప్రమాదంలో ఉన్నవారిలో అనేకులు అప్పటికే మరణించడం – ఇవన్నీ కారణాలుగా పరిశోధకులు పేర్కొంటున్నారు. చివరి కారణం ఎంతో విషాదకరమైనది. కేవలం అంకె తగ్గినందుకు సంతోషించరాదని అది గుర్తుచేస్తుంది. 80 వేలంటే 1999 నాటి సంఖ్యకు నాలుగు రెట్లకంటే ఎక్కువే.

ఉపసంహారం

పాతికేళ్ళ పటాలను వరుసగా పరిశీలిస్తే ఒక సత్యం బోధపడుతుంది. మరణాలు మందు వెంట నడిచాయి. సహాయం మరణాల వెంట, ఎంతో ఆలస్యంగా నడిచింది. మాత్రలు అపరిమితంగా చేరినచోట మాత్రలతో, పొడి అమ్మినచోట పొడితో, నకిలీ బిళ్ళలు వచ్చినచోట వాటితో జనం మరణించారు. ఆ ప్రాంతాల ప్రజలు మిగిలినవారికంటే నీతిలో తక్కువవారు కారు. అలా భావించి నిందించినచోట బాధితులు సిగ్గుతో దాగి, ఒంటరిగా మరణించారు. ఒంటరిగా ఉన్న మనిషికి విరుగుడు మందును అందించేవారు ఎవరుంటారు?

ఒక ఏడాది పటం జరిగిపోయిన నష్టాన్ని మాత్రమే చూపుతుంది. వరుసగా పేర్చిన పటాలు రాబోయే ఆపదను కూడా సూచిస్తాయి. తూర్పు తీరంలో మొదలైన ఆపద పడమటి తీరానికి చేరడానికి అయిదారేళ్ళు పట్టింది. చికిత్సాలయాలను నెలకొల్పడానికి, విరుగుడు మందును పంచడానికి, యువతకు నకిలీ మాత్రల గురించి చెప్పడానికి ఆ వ్యవధి చాలు. అది చాలావరకు వృథా అయింది. పొరుగున జరిగే విపత్తును పొరుగువారి లోపంగా గాక, తమకు అందిన హెచ్చరికగా స్వీకరించగలిగిన సమాజమే తన ప్రజల ప్రాణాలను కాపాడుకోగలుగుతుంది.